మంద కాపలా కుక్కకు వార్ధక్యం: రోగనిర్ణయంలో కాలమే తొలి కొలమానం

రాయదుర్గం, గుమ్మఘట్ట ప్రాంతాల ఎర్రనేలల్లో వేరుశనగ పీకివేత ముగిసిన తరువాత చేలల్లో గొర్రెల మందలు నిలుస్తాయి. రాత్రికింత అని ధాన్యమో నగదో కాపరికి ముట్టజెప్పి, రైతు తన చేనిలో మందను ఆపించుకుంటాడు. సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే ఉన్న జిల్లాలో, సేంద్రియ కర్బనం అడుగంటిన మెట్టభూములకు ఇంతకన్న చౌకైన ఎరువు లేదు. మామూలు పశువుల ఎరువులో నత్రజని 0.5 శాతం మేరకు ఉంటే, గొర్రెల ఎరువులో అది 3 శాతం వరకు ఉంటుంది. మోసే కూలి లేదు. మూత్రం సైతం వృథా కాక నేలలో ఇంకుతుంది. ఈ పద్ధతిని సస్యశాస్త్ర పాఠ్యగ్రంథాలు వివరిస్తాయి. అయితే రాత్రంతా ఆ మందను కాచే కుక్క మాత్రం ఆ లెక్కలలో ఎక్కడా కనిపించదు. తోడేళ్ళు తిరిగే గుట్టల అంచున, వల కట్టిన మందకు అసలైన కంచె అదే.

ఆ కుక్కకు కూడా వయసు మీద పడుతుంది. పది పన్నెండేళ్ళు మందతో తిరిగిన కుక్క ఒకనాటి నుండి వలమూలలో తల ఆనించి కదలక నిలబడుతుంది. తన గొర్రెలనే చూసి మొరుగుతుంది. పిలిచిన కాపరిని ఎరుగనట్లు పక్కకు తొలగిపోతుంది. అప్పుడు దానికి రెండు పేర్లలో ఒకటి పెట్టడం పరిపాటి. ఒకటి ‘పిచ్చి’, రెండవది ‘ముసలితనం’. ఈ రెండు పేర్లూ పరీక్షకు ముందే తీర్పు చెప్పేస్తున్నాయి. మొదటి పేరు పెడితే రాళ్ళు, కర్రలు లేస్తాయి. రెండవ పేరు పెడితే నిజంగా రేబీస్ సోకిన కుక్కను సైతం కాపరి కుటుంబం చేతులతో తడిమి, గంజి తాగించే ప్రమాదం ఉంది. మొదటి పొరపాటుకు బలి అయ్యేది జంతువు, రెండవదానికి మనిషి. వృద్ధ శునకాలలో మతిక్షీణతను నిర్ధారించడం పట్టణాల పెంపుడు కుక్కలకు సంబంధించిన ముచ్చట కాదని, విస్తరణ శాస్త్రవేత్తలు చేపట్టవలసిన క్షేత్రస్థాయి విషయమని గుర్తించవలసిన అవసరం ఇక్కడే ఉంది.

పేరు తప్పితే మందు తప్పుతుంది

తెలుగుతో పాటు కన్నడం వినిపించే ఈ సరిహద్దు సీమలో ‘అరవత్తక్కె అరళు మరళు’ అనే కన్నడ సామెత ఉంది. అరవై ఏళ్ళు వచ్చేసరికి మనిషికి మతి తప్పడం సహజమని దాని భావం. మనుషుల విషయంలో భాష ఇంత ఓర్పు చూపుతుంది. కుక్క విషయానికి వచ్చేసరికి మతికి సంబంధించిన ప్రతి మార్పునూ ‘పిచ్చి’ అనే ఒక్క మాటే మింగేస్తుంది. ‘పిచ్చికుక్క’ అనే మాటకు రేబీస్ తప్ప వేరే అర్థమే లేకుండా పోయింది.

పేరు తప్పడం వల్ల కలిగే నష్టం అనంతపురం జిల్లాకు కొత్త కాదు. 2000 ఖరీఫ్‌లో ఈ జిల్లా వేరుశనగ పైరును ఒక తెగులు తుడిచిపెట్టింది. సుమారు 2.25 లక్షల హెక్టార్లలో పైరు దెబ్బతినగా, నష్టం 300 కోట్ల రూపాయలను మించిందని అంచనా వేశారు. లక్షణాలు అప్పటికే తెలిసిన మొవ్వకుళ్ళు తెగులును పోలి ఉన్నాయి. పరిశోధనలో తేలిన కారకం వేరు: పొగాకు స్ట్రీక్ వైరస్. ఆ వైరస్‌కు ప్రధాన ఆశ్రయం వయ్యారిభామ కలుపు. దాని పుప్పొడిని మోసుకొచ్చే తామర పురుగుల ద్వారా వైరస్ పైరుకు చేరుతుంది. కాండం కుళ్ళు వైరస్ తెగులు అనే సరైన పేరు స్థిరపడిన తరువాతనే వయ్యారిభామను పూతకు రాకముందే పీకివేయడం, చేను చుట్టూ జొన్న లేదా సజ్జను అడ్డుపంటగా వేయడం వంటి సరైన సిఫారసులు వెలువడ్డాయి. ఒకే రకంగా కనిపించే రెండు స్థితులను విడదీయడమే రోగనిర్ణయం. పైరుకు పాటించే ఈ నియమాన్ని మంద కాపలా కుక్కకు నిరాకరించడానికి శాస్త్రీయ కారణం లేదు.

మతిక్షీణత అంటే ఏమిటి

వృద్ధాప్యంలో కుక్క మెదడులో బీటా అమిలాయిడ్ అనే ప్రోటీన్ పేరుకుంటుంది; నాడీకణాలు తగ్గుతాయి; మెదడు కొంత కుంచించుకుపోతుంది. మనుషులలో ఆల్జీమర్స్ వ్యాధికి ఇది చాలావరకు పోలిక. పశువైద్య శాస్త్రం దీనిని కెనైన్ కాగ్నిటివ్ డిస్‌ఫంక్షన్ సిండ్రోమ్ అంటుంది. ప్రవర్తనలో దీని జాడలను ఆరు విధాలుగా వర్గీకరించారు: దిక్కు తెలియకపోవడం, మనుషులతోను ఇతర జంతువులతోను మెలగే తీరు మారడం, నిద్రమెలకువలు తారుమారు కావడం, నేర్చుకున్న అలవాట్లు తప్పి ఎక్కడబడితే అక్కడ మలమూత్ర విసర్జన చేయడం, కదలికలు తగ్గడం లేదా అర్థం లేకుండా పెరగడం, కారణం లేని ఆందోళన.

ఇది అరుదైన స్థితి కాదు. అమెరికాలోని కాలిఫోర్నియాలో 2001లో వెలువడిన అధ్యయనం ప్రకారం 11, 12 ఏళ్ళ కుక్కలలో 28 శాతం, 15, 16 ఏళ్ళ కుక్కలలో 68 శాతం ఇటువంటి లక్షణాలలో కనీసం ఒక విభాగానికి చెందిన మార్పును చూపాయి. 2010లో ఆస్ట్రేలియాలో ఎనిమిదేళ్ళు దాటిన పెంపుడు కుక్కలపై జరిగిన సర్వేలో 14.2 శాతం కుక్కలలో ఈ స్థితి ఉన్నట్లు అంచనా వేయగా, పశువైద్యులు అప్పటికే గుర్తించినవి 1.9 శాతం మాత్రమే. పశువైద్యశాలలు విస్తారంగా ఉన్న దేశంలోనే అధికభాగం గుర్తింపునకు నోచుకోలేదన్నమాట. యజమాని ‘వయసు మీద పడింది’ అనుకుని వైద్యునికి చెప్పకపోవడం, వైద్యుడు అడగకపోవడం ఇటువంటి చోట తోడవుతాయి.

అమెరికాలో జరుగుతున్న డాగ్ ఏజింగ్ ప్రాజెక్టులోని 15,019 కుక్కల వివరాలను విశ్లేషించి 2022లో ప్రచురించిన ఫలితాలలో, వయసు ఒక ఏడాది పెరిగినకొద్దీ మతిక్షీణతకు అవకాశాల నిష్పత్తి 52 శాతం చొప్పున పెరిగింది. చురుకుగా తిరిగే కుక్కలతో పోలిస్తే కదలిక లేని కుక్కలలో ఆ నిష్పత్తి ఆరు రెట్లకు పైగా ఉంది. దీనినిబట్టి దినమంతా మంద వెంట నడిచే కుక్కకు రక్షణ ఉంటుందని తీర్మానించడం తొందరపాటు. కదలిక లేకపోవడం మతిక్షీణతకు కారణమా, ఫలితమా అన్నది ఒకే కాలంలో సేకరించిన వివరాలతో తేలదు. విద్యార్థులు ఇక్కడ ఆగి ఆలోచించవలసి ఉంది.

కాలం చెప్పే సాక్ష్యం

మతిక్షీణతను నేరుగా నిర్ధారించే రక్తపరీక్ష క్షేత్రంలో లేదు. ఇతర కారణాలను ఒక్కొక్కటిగా తొలగించిన తరువాత మిగిలేదే ఈ నిర్ణయం. ఆ తొలగింపులో కాపరి చేతిలో ఉన్న మొదటి సాధనం కాలం. ‘ఈ మార్పు ఎప్పటి నుండి?’ అన్న ప్రశ్నకు వచ్చే సమాధానమే తరువాతి అడుగును నిర్దేశిస్తుంది.

గంటలలో వచ్చిన మార్పు అయితే ముందుగా విషప్రభావాన్ని అనుమానించాలి. ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందు కలిసిన తిండి లేదా నీరు కడుపులోకి పోయిన కుక్కకు నోటివెంట చొంగ కారుతుంది, కండరాలు వణుకుతాయి, కంటిపాపలు కుంచించుకుపోతాయి, నడక తూలుతుంది. చూసేవారు దీనిని రేబీస్‌గా పొరబడటం సులభం. మందు డబ్బాలను, శుద్ధి చేసిన విత్తనాన్ని ఎక్కడ ఉంచారో అడగడం వ్యవసాయ విస్తరణాధికారి చేయగల పని; అది పశువైద్యుని చికిత్సకు వెంటనే దారి చూపుతుంది.

దినాలలో వచ్చిన మార్పు అయితే, కుక్క వయసు ఎంతైనా, రేబీస్ అనే అనుమానంతోనే వ్యవహరించాలి. కారణం లేని దూకుడు ఒక రూపం. గొంతు మారడం, దవడ వేలాడటం, మింగలేకపోవడం, మూలకు చేరి మందకొడిగా పడి ఉండటం మరొక రూపం. ఈ రెండవ రూపమే ఎక్కువ మోసపుచ్చుతుంది. గొంతులో ఎముక ఇరుక్కుందేమోనని నోట చేయి పెట్టి చూసినవారు ప్రాణాపాయానికి లోనవుతారు. లక్షణాలు బయటపడిన రేబీస్ కుక్క సాధారణంగా పది రోజులలోపు మరణిస్తుంది. నెలల తరబడి దిక్కు తెలియక తిరుగుతూ, తింటూ తాగుతూ బతికి ఉన్న కుక్కలో ఆ పాత మార్పుకు రేబీస్ కారణం కాదని ఈ ఒక్క వాస్తవమే చెబుతుంది. అయితే అటువంటి కుక్కకు కూడా కొత్తగా రేబీస్ సోకే అవకాశం ఉంది. అందువల్ల పాత లక్షణాలపై హఠాత్తుగా కొత్తవి చేరితే లెక్కను మొదటి నుండి మొదలుపెట్టవలసిందే.

వారాలలో ముదిరే స్థితులు మరికొన్ని. గోమార్ల ద్వారా వచ్చే ఎర్లిషియా జ్వరంలో కుక్క నీరసించి, తిండి మాని, చిగుళ్ళు పాలిపోతాయి. రక్తపరీక్షతో తేలే ఈ వ్యాధికి డాక్సీసైక్లిన్ చికిత్స ఉంది. మూత్రపిండాలు చెడితే దాహం, మూత్రం పెరుగుతాయి. కీళ్ళనొప్పి ఉన్న కుక్క లేవడానికి ఇష్టపడదు, తాకితే గుర్రుమంటుంది.

నెలలు, సంవత్సరాలు పట్టి, మెల్లగా, మెట్టు మెట్టుగా దిగజారినదైతేనే మతిక్షీణత ముందుకు వస్తుంది. అప్పుడు కూడా చూపు, వినికిడి పరీక్షించాలి. చప్పుడు చేయని దూది ఉండను కళ్ళ ముందు జారవిడిస్తే చూపు ఉన్న కుక్క దాని వెంట కన్ను తిప్పుతుంది. వెనుక నుండి, గాలి తగలనంత దూరంలో చప్పట్లు కొడితే వినికిడి తెలుస్తుంది. పిలుపు వినబడని కుక్కను మతి తప్పినదని అనడం అన్యాయం.

ఈ కాలపట్టికకు ఒక మినహాయింపు ఉంది. వృద్ధ కుక్కలలో లోపలి చెవికి సంబంధించిన సమతౌల్యం హఠాత్తుగా దెబ్బతిని, తల ఒక పక్కకు వాలి, కళ్ళు అదురుతూ, గుండ్రంగా తిరుగుతూ పడిపోవడం కనిపిస్తుంది. చాలావాటిలో ఇది రెండు మూడు వారాలలో దానంతట అదే తగ్గుతుంది. తొలి పది రోజులు రేబీస్ జాగ్రత్త పాటించడం వల్ల ఇటువంటి కుక్కకు నష్టం లేదు. కర్ర ఎత్తితే మాత్రం బతకవలసిన కుక్క పోతుంది.

ఇంటికి చేసిన కొలత మందకు సరిపోదు

మతిక్షీణతను అంచనా వేయడానికి ప్రశ్నావళులు ఉన్నాయి. ఆస్ట్రేలియాలో రూపొందిన 13 ప్రశ్నల కొలమానం వాటిలో ప్రసిద్ధమైనది. గోడలవైపు తదేకంగా చూడటం, సందులలో ఇరుక్కుపోవడం, తెలిసినవారిని గుర్తించకపోవడం, కింద పడిన తిండిని వెతుక్కోలేకపోవడం వంటివి ఎంత తరచుగా జరుగుతున్నాయో, ఆరు నెలల క్రితంతో పోలిస్తే ఎంత పెరిగాయో యజమానిని అడిగి అంకెలు వేస్తారు. ఇవి నాలుగు గోడల మధ్య మనుషులతో పాటు పడుకునే కుక్క కోసం చేసిన ప్రశ్నలు. వీటిని అనువదించి రాయదుర్గం కాపరికి ఇస్తే వచ్చే అంకెలకు విలువ ఉండదు.

నిద్ర విషయమే తీసుకోవచ్చు. ఇంటి కుక్క పగలు పడుకుని రాత్రి తిరిగితే అది లక్షణం. మంద కుక్కకు రాత్రి మెలకువే వృత్తి. అది చీకటి పడగానే గాఢనిద్రలోకి జారుకుంటే అనుమానించాలి. మెలకువగా ఉన్నా, మంద చుట్టూ కావలి తిరగడం వేరు, ఒకే చోట అర్థం లేకుండా ప్రదక్షిణ చేయడం వేరు. అలికిడి అయిన దిక్కుకు మొరగడం వేరు, శూన్యంలోకి మొరగడం వేరు. ఈ భేదాన్ని కాపరి మాత్రమే చెప్పగలడు. ఇంట్లో మలమూత్ర విసర్జన అనే ప్రశ్నకు ఆరుబయట అర్థమే లేదు. దాని బదులు తాను పడుకునే చోటనే మూత్రం పోస్తున్నదా అని అడగాలి. కుర్చీల వెనుక ఇరుక్కోవడానికి బదులు, వలమూలలోనో ముళ్ళకంచె సందులోనో దూరి వెనక్కు రాలేకపోతున్నదా అని అడగాలి. కింద పడిన తిండికి బదులు, తన కళ్ళ ముందే వేసిన సంగటి ముద్దను వెతుక్కుంటున్నదా అన్నది ప్రశ్న కావాలి. తన మంద గొర్రెలను పరాయి గొర్రెలనుకుని తరుముతున్నదా, మేత నుండి మంద మళ్ళినప్పుడు వెనుకబడి దారి తప్పుతున్నదా అన్నవి ఏ విదేశీ ప్రశ్నావళిలోనూ ఉండవు. ఇక్కడ అవే ముఖ్యమైనవి.

ఆరు నెలల పోలిక మరొక చిక్కు తెస్తుంది. ఏప్రిల్ ఎండలో నీడ వదలని కుక్కను అక్టోబరులో చురుకుగా తిరిగిన కుక్కతో పోలిస్తే, తేడా మతిదా, ఎండదా అన్నది తేలదు. పంట దిగుబడులను ఒకే కాలానికి పోల్చినట్లే, కుక్క ప్రవర్తనను గత ఏడాది ఇదే కాలంతో పోల్చాలి. వేసవిలో మేత కోసం మంద వలసపోయి కొత్త ఊరి పొలాలలో దిగినప్పుడు వృద్ధ కుక్క కొన్ని రోజులు తడబడటం సహజం. అలవాటైన చోట చేసిన పరిశీలననే నమోదుకు తీసుకోవాలి. ఇటువంటి ప్రశ్నలను కాపరుల మాటలలోనే కూర్చి, రెండు వేర్వేరు సమయాలలో అడిగినప్పుడు ఒకే సమాధానం వస్తున్నదా, పశువైద్యుని పరీక్షతో అది పొసగుతున్నదా అని పరిశీలించడం స్నాతకోత్తర విద్యార్థులకు చక్కని పరిశోధనాంశం.

ఆక్షేపణలు, సమాధానాలు

గొర్రెలకే వైద్యం సరిగా అందని కరువుసీమలో కుక్క మతిమరుపు గురించి మాట్లాడటం విలాసమని ఆక్షేపించేవారు ఉంటారు. ఈ ఆక్షేపణ తీసివేయదగినది కాదు. అయితే ఇక్కడ ప్రతిపాదిస్తున్నది స్కానింగ్ యంత్రం కాదు, ఒక ప్రశ్న: ‘ఎప్పటి నుండి?’ దానికి ఖర్చు లేదు. చిటుక రోగం, పారుడు వ్యాధి టీకాల కోసం మందల వద్దకు సిబ్బంది ఎటూ వెళుతున్నారు. అదే రోజు మంద కుక్కకు రేబీస్ టీకా వేసి, దాని సుమారు వయసు, ప్రవర్తనలో మార్పులు ఉంటే అవి మొదలైన నెల ఒక వరుసలో రాసుకోవచ్చు. నట్టల మందు కూడా అప్పుడే తాగించవచ్చు. చచ్చిన గొర్రె తలకాయను కుక్కకు వేయడం వల్ల వ్యాపించే బద్దెపురుగు గొర్రెల మెదడులో తిత్తులు కట్టి గిరగిర తిప్పే వ్యాధిని కలిగిస్తుంది. కుక్క ఆరోగ్యానికి పెట్టిన ఖర్చు కొంత మందకే తిరిగి వస్తుంది.

మరో ఆక్షేపణ మరింత బరువైనది. ‘ముసలితనమే, పిచ్చి కాదు’ అనే మాట ప్రచారమైతే జనం రేబీస్ పట్ల ఏమరుతారని భయం. అందుకే ఈ ప్రతిపాదనలో క్రమం మారకూడదు. మొదట రేబీస్, మిగిలినవి తరువాత. కొత్త మార్పు కనిపించిన కుక్కను మనుషులకు, గొర్రెలకు అందకుండా వేరు చేసి, పశువైద్యునికి తెలియజేసి, పది రోజులు గమనించాలి. అది కరిచినా, గాయంపై దాని చొంగ పడినా ఆ చోటును సబ్బుతో, ధారగా పోసే నీటితో 15 నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. పసుపు, సున్నం, కారం పెట్టరాదు. కుక్క పది రోజులు బతుకుతుందో లేదో చూసి టీకా వేయించుకుందామని ఆగరాదు. టీకా వెంటనే మొదలుపెట్టాలి, ఆపవచ్చునా అన్నది తరువాత వైద్యుడు చెబుతాడు. కుక్క చనిపోతే దాని తల చితకకుండా ఉంటేనే మెదడును పరీక్షించి రేబీస్‌ను నిర్ధారించడం వీలవుతుంది. కర్రదెబ్బలతో చంపిన కుక్క ఆ సాక్ష్యాన్ని కూడా తనతో తీసుకుపోతుంది. కరిచిన కుక్క బతికి ఉండటం కరిపించుకున్న మనిషికే మేలు అన్న విషయం గ్రామాలలో గట్టిగా చెప్పవలసి ఉంది. జంతువులను హింసించి చంపడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం; చట్టం చెప్పే మాటకు వైద్యకారణం కూడా తోడుంది.

నిర్ణయం తరువాత

మతిక్షీణత అని తేలిన కుక్కకు పూర్తిగా నయం చేసే మందు లేదు. సెలిజిలిన్ అనే మందును అమెరికాలో 1990ల చివరలో ఈ స్థితికి ఆమోదించారు; అది కొన్నింటిలో లక్షణాలను తగ్గిస్తుంది. మంద వద్ద ఎక్కువ మేలు చేసేవి సులభమైన ఏర్పాట్లు. పడుకునే చోటు, నీళ్ళ తొట్టి మార్చకపోవడం, పగటి పూట కొంత నడిపించడం, నొప్పి ఉంటే దానికి చికిత్స, రాత్రి ఒంటరిగా వదలకపోవడం వాటిలో ముఖ్యమైనవి. అన్నిటికన్న ముందు చేయవలసినది, కాపలా బాధ్యతను వయసులో ఉన్న మరొక కుక్కకు అప్పగించడం. పిల్లకుక్క పెద్దదాని వెంట తిరుగుతూ మందతో మెలగడం నేర్చుకుంటుంది. పాత కుక్క మతి పూర్తిగా తప్పిన తరువాత కొత్తదానిని తెస్తే నేర్పేది ఉండదు. ఈ మధ్యకాలంలో ఒక్క తోడేలు రాక మంద ఏడాది రాబడిని దెబ్బతీయగలదు. ముందుగా గుర్తించడం వల్ల కాపరికి దక్కే లాభం ఈ వ్యవధే.

దేశం 2030 నాటికి కుక్కల ద్వారా వచ్చే రేబీస్‌ను నిర్మూలించాలని 2021లో జాతీయ కార్యాచరణ ప్రణాళికను ప్రకటించుకుంది. ఊరి వీధికుక్కల వరకు వచ్చి ఆగిపోకుండా ఆ పని మందల వరకు వెళ్ళాలంటే వ్యవసాయ, పశుసంవర్ధక విస్తరణ విభాగాలు కలిసి నడవాలి. కృషి విజ్ఞాన కేంద్రాలు పొలంలో మంద నిలపడంపై ఇచ్చే శిక్షణలో ఒక గంటను మంద కుక్కకు కేటాయించవచ్చు. రైతు సేవా కేంద్రాల సిబ్బందికి గంటలు, దినాలు, వారాలు, నెలలు అనే నాలుగు గడుల పట్టికను ఒక్క పుటలో అచ్చువేసి ఇవ్వవచ్చు. వేరుశనగ మొక్క వాలిపోయిందని కబురు వస్తే, పీకి వేరు చూడకుండా మందు చెప్పే శాస్త్రవేత్త ఉండడు. కుక్క మతి తప్పిందని కాపరి చెప్పినప్పుడు కూడా ఎప్పటి నుండి అని అడిగి, ఆ సమాధానాన్ని పుస్తకంలో రాసుకున్న తరువాతనే దానికి పేరు పెట్టాలి.